పాట ఒకరిది, పేరొకరిది

ఒక పాటను ప్రసారము చేయునపుడు మేము గాయకుని పేరుతోపాటు రచయిత పేరును చెప్పుదుము. ఇది చిన్న మర్యాదవలె తోచును. కాని ఈ మర్యాదకును, దాని వెంట రావలసిన ప్రతిఫలమునకును అమెరికాలో పాటల రచయితలు చిరకాలము పోరాడవలసివచ్చెను.

పాటలు వ్రాయుటయే వృత్తిగా జీవింప యత్నించిన తొలి అమెరికనులలో స్టీఫెన్ ఫాస్టర్ ముఖ్యుడు. అతడు 1826లో పిట్స్‌బర్గు సమీపమున జన్మించెను. గ్రామఫోను పుట్టని ఆ దినములలో పాట స్వరసహితముగా అచ్చై అమ్ముడుపోయెడిది. కలిగినవారు దానిని ఇంటి పియానోపై వాయించుకొనెడివారు. 1849లో ఫాస్టర్ న్యూయార్కు ప్రచురణకర్తలతో ఒప్పందము చేసికొని, ప్రతి ఒక్కింటికి రెండు సెంట్ల చొప్పున పొందసాగెను.

వేదికలపై అతని పాటలను పాడినవి, ముఖములకు మసి పూసికొని నల్లజాతివారిని అనుకరించి పరిహసించు తెల్లవారి మేళములు. అట్టి మేళమునకు నాయకుడు క్రిస్టీ. 1851లో ‘ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్’ అచ్చైనపుడు దానిపై రచయితగా ఉన్నది క్రిస్టీ పేరు! కొద్దిపాటి సొమ్మునకు ఫాస్టర్ తన పేరునే వదలుకొనెను. మరుసటి యేడు పశ్చాత్తాపపడి, తన పేరు తనకిమ్మని లేఖ వ్రాసెను. క్రిస్టీ అంగీకరింపలేదు. సొమ్మొకరిది, సోకొకరిది.

వేదికపై ఎన్ని వేలమారులు పాడినను రచయితకు దమ్మిడీ ముట్టదు. నాటి చట్టమున ఆ హక్కు లేదు. 1857లో ఫాస్టర్ తన పాటల భావిహక్కులను అమ్ముకొనెను. 1864 జనవరి 13న, 37 సంవత్సరముల వయసున, న్యూయార్కు ఆసుపత్రిలో మరణించెను. అతని డబ్బుసంచిలో దొరికినవి 38 సెంట్లు.

ప్రదర్శనహక్కు 1897లో చట్టమునకెక్కెను. కాని ఊరూర హోటళ్ళలో మ్రోగు పాటలకు ఒంటరి రచయిత ఎట్లు వసూలు చేయగలడు? అందుచేత 1914లో విక్టర్ హెర్బర్టు మున్నగువారు ‘ఆస్కాప్’ అను సంఘమును స్థాపించిరి. భోజనశాలలో పాటకు వేరుగా రుసుము లేకున్నను అది లాభార్జనకే యని 1917లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

పిదప రేడియో వచ్చెను. 1941లో రుసుము విషయమై తగవు పుట్టి, పెద్ద రేడియో సంస్థలు నెలల తరబడి ఆ సంఘసభ్యుల పాటలను మానివేసెను. లోటు పూడ్చుటకు కాపీరైటు తీరిన పాటలను వెదకగా ఫాస్టరే దొరకెను. అతని ‘జీనీ’ పాట విసుగు పుట్టునంతగా మ్రోగెను. ఎవరికిని చెల్లింపవలసినది లేదుగదా!

బ్రతికియుండగా తిండి పెట్టని పాట, వెల లేని కారణముననే ఇంటింట వినబడెను. రచయిత పేరు చదువుటకు మాకు పట్టునది రెండు క్షణములు. ఆ రెండు క్షణములకై ఫాస్టర్ ఒక లేఖ వ్రాసి భంగపడెనని శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక.