తోతాపురి గుజ్జు, ఐరోపా నిబంధన

చిత్తూరు ప్రాంతంలో మామిడి అంటే ముందుగా తోతాపురి. బంగారుపాళెం, దామలచెరువు మార్కెట్లకు వచ్చే ఈ కాయలో చాలా భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. అక్కడ కాయను మాగబెట్టి, గుజ్జు తీసి, వేడిచేసి, డ్రమ్ముల్లో నింపి విదేశాలకు పంపుతారు. కొనే దేశాల్లో ఐరోపావి కూడా ఉన్నాయి. కనుక ఐరోపా ఆహార భద్రతా విధానాన్ని ఎక్కడిదో దూరపు విషయంగా చదవకండి.

ఇక్కడ ఒక మాట. అందరికీ తిండి దొరకడాన్నీ, దొరికిన తిండి హాని చేయకపోవడాన్నీ తెలుగులో ‘ఆహార భద్రత’ అనే అంటున్నాం. ఈ పాఠంలో రెండో అర్థమే తీసుకోండి.

ఈ విధానం భయం నుంచి పుట్టింది. 1986లో బ్రిటన్‌లో పశువుల మెదడును దెబ్బతీసే బీఎస్ఈ వ్యాధిని గుర్తించారు. పశువుల అవశేషాలు కలిపిన దాణా వల్ల అది వ్యాపించింది. గొడ్డుమాంసం తింటే ప్రమాదం లేదని ఏళ్ల తరబడి చెప్పిన ప్రభుత్వమే, 1996 మార్చిలో మనుషుల్లో కనిపించిన ఒక కొత్త మెదడు వ్యాధికి దానితో సంబంధం ఉండవచ్చని ప్రకటించింది. 1999లో బెల్జియంలో కోళ్ల దాణాలో డయాక్సిన్లు బయటపడ్డాయి. ప్రభుత్వాల మాట మీద జనానికి నమ్మకం పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఐరోపా సమాఖ్య 2002లో 178వ నంబరు నిబంధన చేసి, ఐరోపా ఆహార భద్రతా సంస్థను నెలకొల్పింది. ప్రమాదాన్ని అంచనా వేసే శాస్త్రజ్ఞులు వేరు, నిర్ణయం తీసుకునే పాలకులు వేరు అనే విభజన దీని కీలకం. శాస్త్రం తేల్చేలోగా ముందుజాగ్రత్తగా తాత్కాలిక చర్య తీసుకునే వీలు కూడా అందులో ఉంది.

మన మామిడికి నేరుగా తగిలింది 2005 నాటి 396వ నంబరు నిబంధన. 2008 సెప్టెంబరు నుంచి పురుగుమందుల అవశేషాలకు సభ్యదేశాలన్నిటా ఒకే పరిమితి వచ్చింది. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని మందుకు సాధారణంగా కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే వంద టన్నుల్లో ఒక గ్రాము.

2014 నిషేధాన్ని దీనితో కలపకండి. ఆ ఏడాది మే 1 నుంచి మన మామిడి, వంకాయ, కాకర, పొట్ల, చేమ జాతి దుంపలను ఐరోపా ఆపింది. కారణం మందులు కాదు, పండు ఈగలు, ఇతర పురుగులు. అది మొక్కల ఆరోగ్యానికి సంబంధించిన చర్య. 2015లో మామిడిపై ఎత్తేశారు. పత్రికలు అల్ఫాన్సో గురించే రాసినా నిషేధం తాజా మామిడి అంతటికీ వర్తించింది. వేడిచేసిన గుజ్జుకు మాత్రం ఆ చిక్కు లేదు. ఈగ వేడికి చస్తుంది, మందు అవశేషం అలా పూర్తిగా పోతుందన్న భరోసా లేదు.

అసలు భారం ఎవరి మీద పడుతుందో చూడండి. ఒక డ్రమ్ములో ఎందరో రైతుల కాయ కలుస్తుంది. పరీక్షలో పరిమితి మించితే తప్పు ఏ తోటదో తేల్చడం కష్టం. సరుకు సరిహద్దులో ఆగితే ఆ కబురు హెచ్చరిక వ్యవస్థ ద్వారా అన్ని సభ్యదేశాలకూ చేరుతుంది. మన తాలింపులో పడే కరివేపాకు అవశేషాల కారణంగానే అదనపు తనిఖీల జాబితాకు ఎక్కింది. ఇలాంటి నిబంధనల ముసాయిదాలను ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేస్తారు, సభ్య ప్రభుత్వాలు అభిప్రాయం చెప్పవచ్చు. మూడెకరాల తోట ఉన్న రైతు గొంతు అక్కడిదాకా వెళ్లే దారి నాకు కనిపించదు.

అయినా నిబంధన అన్యాయమని నేను అనను. మనకూ 1954లో కల్తీ నిరోధక చట్టం, 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చాయి. అవశేషాలకు పరిమితులున్నాయి, కార్బైడుతో మాగబెట్టడం నిషేధం. తేడా అడిగేవారిలో ఉంది. ఎగుమతి డ్రమ్ముకు ప్రయోగశాల నివేదిక చూపమంటారు. తిరుపతిలో తోపుడుబండి మీది పండుకు ఆ నివేదిక ఎవరూ అడగరు. ఈ సీజన్‌లో మీ దగ్గరి మార్కెట్‌కు వెళ్లి, ఏ మందు కొట్టారో, కోతకు ఎన్ని రోజుల ముందు కొట్టారో నలుగురు రైతులను అడిగి రాసుకోండి.