ఫోనో స్టేజి

ఫోనో స్టేజి అనగా గ్రామఫోను రికార్డు నుండి కార్ట్రిడ్జి గ్రహించిన అతి స్వల్ప విద్యుత్ సంకేతాన్ని సాధారణ యాంప్లిఫయరు స్వీకరించగల స్థాయికి పెంచే ఎలక్ట్రానిక్ వలయము. రికార్డు తయారీలో మార్చిన స్వరాల పాళ్ళను తిరిగి యథాస్థితికి తెచ్చేది కూడా ఇదే. దీనిని ఫోనో ప్రీయాంప్లిఫయరు అని కూడా అంటారు. ఇది కొన్ని యాంప్లిఫయర్లలోను, కొన్ని టర్న్‌టేబుళ్ళలోను అంతర్భాగంగా ఉంటుంది. విడిగా కూడా లభిస్తుంది. ఒకే ఫోనో స్టేజి ఒక కార్ట్రిడ్జితో చక్కగాను, మరొకదానితో పేలవంగాను వినిపించవచ్చు. ఇందుకు కారణం చాలా సందర్భాలలో నాణ్యతాలోపం కాదు, రెండింటికి పొంతన కుదరకపోవడమే.

ఆవశ్యకత

రికార్డుపై గాడిని చెక్కేటపుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. మంద్రస్వరాలను యథాతథంగా చెక్కితే గాడి ఎక్కువగా అటూ ఇటూ ఊగి చోటు ఆక్రమిస్తుంది, రికార్డుపై పట్టే నిడివి తగ్గుతుంది. పెంచి చెక్కిన తారస్వరాలను వినేటపుడు తగ్గించడం వలన వాటితో పాటు గాడిలోని గరగర శబ్దం కూడా తగ్గుతుంది.

1948లో కొలంబియా సంస్థ ఎల్.పి. రికార్డును ప్రవేశపెట్టిన తొలి సంవత్సరాలలో ఒక్కొక్క కంపెనీ ఈ మార్పును ఒక్కొక్క విధంగా చేసేది. 1954లో ఆర్.ఐ.ఎ.ఎ. ప్రమాణం ఏర్పడిన తరువాత ఏకరూపత వచ్చింది. ఈ ప్రమాణంలో 3180, 318, 75 మైక్రోసెకన్ల కాలస్థిరాంకాలు ఉన్నాయి. 1000 హెర్ట్జ్ వద్ద ఉన్న స్థాయితో పోల్చినపుడు, ఫోనో స్టేజి 20 హెర్ట్జ్ వద్ద సుమారు 19 డెసిబెల్స్ ఎక్కువగాను, 20,000 హెర్ట్జ్ వద్ద సుమారు 20 డెసిబెల్స్ తక్కువగాను సంకేతాన్ని అందిస్తుంది.

కార్ట్రిడ్జి రకాలు

మూవింగ్ మాగ్నెట్: ఇందులో సూదితో పాటు చిన్న అయస్కాంతం కదులుతుంది, తీగచుట్టలు స్థిరంగా ఉంటాయి. సాధారణంగా 3 నుండి 6 మిల్లీవోల్టుల వోల్టేజి వస్తుంది. ఆడియో-టెక్నికా వి.ఎం.95ఇ, ఆర్టోఫోన్ 2ఎం రెడ్ ఈ రకానికి ఉదాహరణలు.

మూవింగ్ కాయిల్: ఇందులో అయస్కాంతం స్థిరంగా ఉండి, తీగచుట్టలు కదులుతాయి. చుట్టలు తేలికగా ఉండాలి కనుక వాటిలో చుట్ల సంఖ్య తక్కువ, వోల్టేజి కూడా తక్కువే. జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె.తో కలిసి డెనాన్ రూపొందించిన డి.ఎల్.-103 సుమారు 0.3 మిల్లీవోల్టులు మాత్రమే ఇస్తుంది.

సిరామిక్: పూర్వపు చౌక రికార్డు ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది ఇదే. వీటి వోల్టేజి వందల మిల్లీవోల్టులలో ఉంటుంది కనుక ఫోనో స్టేజి అవసరం లేకపోయేది. అటువంటి ప్లేయరులో అయస్కాంత కార్ట్రిడ్జిని నేరుగా అమర్చితే ధ్వని బలహీనంగా, మంద్రస్వరాలు లేకుండా వినబడుతుంది.

పొంతన కుదర్చవలసిన అంశాలు

గెయిన్: మూవింగ్ మాగ్నెట్ రకానికి సుమారు 40 డెసిబెల్స్, అంటే 100 రెట్ల గెయిన్ సరిపోతుంది, 5 మిల్లీవోల్టులు 0.5 వోల్టు అవుతాయి. అదే గెయిన్‌తో 0.3 మిల్లీవోల్టులు 0.03 వోల్టు మాత్రమే అవుతాయి. అపుడు యాంప్లిఫయరు శబ్దాన్ని బాగా పెంచవలసి వచ్చి, బుసబుసమనే రొద బయటపడుతుంది. కనుక తక్కువ వోల్టేజి ఇచ్చే మూవింగ్ కాయిల్ రకానికి సుమారు 60 డెసిబెల్స్ కావాలి.

కెపాసిటెన్సు: మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జికి 47 కిలో ఓమ్‌ల లోడు వాడుక. అయితే దాని తీగచుట్ట ప్రేరకత్వము, కేబులు మరియు ఫోనో స్టేజిల కెపాసిటెన్సు కలిసి అనునాదాన్ని కలిగిస్తాయి. ప్రేరకత్వం 500 మిల్లీహెన్రీలు, మొత్తం కెపాసిటెన్సు 200 పికోఫారడ్లు అయితే ఈ అనునాదం సుమారు 15,900 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. కెపాసిటెన్సు 400 పికోఫారడ్లు అయితే 11,250 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఫలితంగా తాళాలు, 'స' వంటి ఊష్మధ్వనులు కటువుగా వినిపించవచ్చు. కేబులును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లోడు నిరోధం: మూవింగ్ కాయిల్ రకానికి కెపాసిటెన్సు ప్రభావం స్వల్పం, నిరోధమే ముఖ్యం. 40 ఓమ్‌ల చుట్టకు 100 ఓమ్‌ల లోడు ఇస్తే వోల్టేజిలో సుమారు 29 శాతం, అనగా దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. 1000 ఓమ్‌ల లోడుతో ఈ తగ్గుదల అత్యల్పం.

ఇంటివద్ద పోల్చి చూచుట

1. టర్న్‌టేబులులోనే ఫోనో స్టేజి ఉంటే దానిని మీట ద్వారా తప్పించాలి. లేనిచో స్వరాల సవరణ రెండుసార్లు జరిగి ధ్వని మందకొడిగా మారుతుంది.
2. కార్ట్రిడ్జి మార్చేముందు యాంప్లిఫయరును ఆపాలి. తీగల రంగులు: కుడి చానెలుకు ఎరుపు, ఆకుపచ్చ, ఎడమకు తెలుపు, నీలం.
3. కార్ట్రిడ్జి మార్చిన ప్రతిసారీ సూదిపై భారాన్ని, అమరికను తయారీదారు సూచన ప్రకారం తిరిగి సరిచేయాలి. భారం మరీ తక్కువైతే సూది గాడిలో ఎగిరిపడి గోడలను దెబ్బతీస్తుంది. అరిగిన సూదితో పరీక్ష చేయరాదు. గాడికి కలిగిన నష్టం తిరిగి పూడదు.
4. పరీక్షా రికార్డులోని 1000 హెర్ట్జ్ ధ్వనితో శబ్ద స్థాయిలను సమానం చేయాలి. కొద్దిపాటి ఎక్కువ శబ్దాన్ని కూడా చెవి మెరుగైన నాణ్యతగా భ్రమిస్తుంది. లోడు మార్చినపుడు స్థాయి మారుతుంది కనుక ఈ పనిని మళ్ళీ చేయాలి.
5. ఒకసారికి ఒక అంశాన్నే మార్చాలి. కార్ట్రిడ్జిని, ఫోనో స్టేజిని ఒకేసారి మార్చితే తేడా దేనివలన వచ్చిందో తేల్చలేము.

ఎక్కువ ధర పెట్టి మరొక ఫోనో స్టేజి కొనేముందు పై అంశాలు చూడడం మంచిది. కెపాసిటెన్సు మీటను సరిచేయడంతోనే లోపం తొలగిపోవచ్చు.

78 ఆర్.పి.ఎం. రికార్డులు

పాత తెలుగు నాటక పద్యాలు, తొలినాటి సినిమా పాటలు 78 ఆర్.పి.ఎం. రికార్డులపై వెలువడ్డాయి. వీటి గాడి వెడల్పు ఎక్కువ. ఎల్.పి. సూది కొన వ్యాసార్థం సుమారు 18 నుండి 25 మైక్రాన్లు కాగా, వీటికి సుమారు 75 మైక్రాన్ల సూది కావాలి. 1954కు పూర్వపు రికార్డులకు ఆర్.ఐ.ఎ.ఎ. సవరణ సరిగా సరిపోదు. కనుక వీటిని డిజిటల్ రూపంలో భద్రపరచేవారు సవరణను మార్చుకొనే వీలున్న ఫోనో స్టేజిలను వాడతారు. ఇవి లక్కతో తయారైన, సులభంగా పగిలిపోయే రికార్డులు. ఒక పాటకు మిగిలినది ఒకే ప్రతి అయినపుడు సూదిని సరిగా ఎంచుకోవడం మరింత ముఖ్యం.

ఇవి కూడా చూడండి

గ్రామఫోను
విద్యుదయస్కాంత ప్రేరణ
డెసిబెల్