బందరు బురద

ఏప్రిల్ 8 దగ్గర పడుతోందంటే నాకు బందరుకోట గుర్తొస్తుంది. 1759లో ఆ తెల్లవారుజామున కోస్తా తలరాత మారిపోయింది. మొన్న మళ్లీ వెళ్లాను. బస్సు దిగి, లడ్డూల పొట్లం కట్టించుకుని, గిలకలదిండి వెళ్లే ఆటో ఎక్కాను.

కాగితాల మీద మచిలీపట్నం, మనిషి నోట బందరు. పారసీలో బందరంటే రేవు. రెండు వేల ఏళ్ల నాటి గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడి నూలు బట్టల్ని తలచుకుంది. అక్కడి నుంచి ఒక్క గంతులో కుతుబ్‌షాహీల దగ్గరికి వచ్చేస్తాను. గోల్కొండకు సముద్రం వైపు వాకిలి ఇదే. చిరివేరు ఎరుపు అద్దిన బట్టలు ఇక్కడి నుంచే పెగూకి, పర్షియాకి ఓడలెక్కాయి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చి కొఠీలు తెరిచారు. రేవు ఎంత గొప్పదైనా ఒండ్రు మేట వల్ల పెద్ద ఓడలు తీరానికి రాలేవు. మైళ్ల దూరంలో లంగరేస్తే సరుకు పడవల మీద చేరేది.

కోటకు కాపలా కూడా ఆ బురదే. ఊరికి దూరంగా చిత్తడి నేల మధ్య కోట, దానికి ఒకే ఒక్క కట్ట దారి. 1759లో లోపల ఫ్రెంచి దొర కాన్‌ఫ్లాన్స్, దాదాపు 500 మంది సొంత సైనికులు. బయట ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ దగ్గర ఉన్నది సుమారు 350 మంది తెల్లవాళ్లు, 1400 మంది సిపాయిలు. తోడు విజయనగరం రాజు ఆనందగజపతి. బొబ్బిలి యుద్ధం తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయిన విజయరామరాజుకు వారసుడాయన. జీతాలు లేక ఫోర్డ్ సైనికులు ఒకసారి తిరగబడ్డారు. మందుగుండు రెండు రోజులకే సరిపోతుంది. బెజవాడ వైపు నుంచి ఫ్రెంచివారికి తోడుగా నిజాం సలాబత్ జంగ్ సైన్యంతో దిగి వస్తున్నాడు.

ఆ దశలో ఫోర్డ్‌కు దారి దొరికింది. నైరుతి మూల బురదలో ఇక్కడి జనం మోకాటి లోతున దాటుతూ తిరుగుతారని తెలిసింది. ఏప్రిల్ 7 రాత్రి, పాటు వేళ అగడ్తలో నీళ్లు తగ్గేదాకా ఆగారు. ఫోర్డ్ పంపిన కెప్టెన్ నాక్స్ దళం ఆ బురదలో నుంచి, ఆనందగజపతి మనుషులు కట్ట దారి మీద నుంచి హడావుడి చేశారు. అసలు దెబ్బ ఈశాన్యాన ఊసరవెల్లి బురుజు మీద పడింది. గోడ ఎక్కాక మందుగుండు కొట్టు కనబడి ఎవరో 'మైను, మైను' అని అరిచారు. అందరూ వెనక్కి పరుగెత్తారు. కెప్టెన్ యార్క్, డప్పులు పట్టుకున్న ఇద్దరు నల్ల కుర్రాళ్లు మాత్రం కదల్లేదు. ఆ డప్పుల మోతకే పారిపోయినవాళ్లు తిరిగొచ్చారు. తర్వాత యార్క్ రెండు తొడల్లోనూ గుళ్లు దిగాయి. ఆ పిల్లలిద్దరూ అక్కడే చనిపోయారు. కెప్టెన్ పేరు మిగిలింది. వాళ్ల పేర్ల కోసం నేను ఎన్నిసార్లు వెతికానో!

తెల్లారేసరికి కోట చిక్కింది. వారం తర్వాత సాయంగా ఫ్రెంచి ఓడలు వచ్చేసరికి బురుజు మీద జెండా మారి ఉంది. మే నెలలో సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువారికి రాసిచ్చాడు.

ఆ తర్వాతి బందరు కథను వరసగా చెప్పడం నా వల్ల కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన 30 వేల మందిని మింగింది. ఆ ఊరే 1902లో కృష్ణా పత్రికను పెట్టుకుంది, 1910లో జాతీయ కళాశాలను కట్టుకుంది. 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు తెరిచారు. 2020లో ఆ పేరు బోర్డు మీద నుంచి దిగిపోయినప్పుడు నాకు సొంతింటి పేరు చెరిపేసినట్టనిపించింది. రేవుకు శంకుస్థాపనల మీద శంకుస్థాపనలు జరిగాయి. 2023లో మొదలైన పనులు మాత్రం కంటికి కనిపిస్తున్నాయి. డ్రెడ్జర్లు తవ్వి పోస్తున్న ఆ నల్లటి మట్టిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

సాయంత్రం గిలకలదిండిలో పడవలన్నీ వరసగా ఆగి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని ఎప్పుడు బయల్దేరతారని అడిగాను.

"మొగ దగ్గర మేటేసింది గదండీ, పోటెక్కాలి" అన్నాడు, వల మీంచి తలెత్తకుండానే.