ఎడారి వేటకుక్క, తెలుగు తీరం: వంశమూల వాదంపై ఒక పరిశీలన

సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడవైన కాళ్లు గల సలూకీ పశ్చిమాసియా ఎడారులకు చెందిన ప్రాచీన వేటకుక్క. దానిని పోలిన జాతి దక్కనులోనూ ఉన్నది. ముధోల్ హౌండ్‌గా, కారవాన్ హౌండ్‌గా ప్రసిద్ధమైన ఈ జాతి అరబ్బు, పారశీక వర్తకుల వెంట వచ్చిన కుక్కల సంతతి అన్న వాదం ప్రచారంలో ఉన్నది. వెంకటాచలానికి తూర్పున గల కృష్ణపట్నం నుండి ఉత్తరాన మోటుపల్లి వరకు విస్తరించిన తెలుగు తీరం మధ్యయుగ సముద్రవర్తకానికి నెలవు. కనుక ఈ వాదాన్ని ఇక్కడి ఆధారాలతో సరిచూడవలసి ఉన్నది.

కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) ఓడసరుకులపై సుంకాలను నిర్ణయించింది. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు అందులో కనిపిస్తాయి. కుక్కల ప్రసక్తి లేదు. అయితే శాసనమౌనం మాత్రమే నిరూపణ కాజాలదు. సుంకం లేని జంతువు కూడా ఓడలో రావచ్చు.

వంశవాదానికి అసలు చిక్కు రాకపోకల దిశలో ఉన్నది. బాబిలోనియాలో నాలుగు పెద్ద గ్రామాలు భారతీయ శునకాల పోషణ భారాన్ని వహించేవని క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ పేర్కొన్నాడు. వాల్మీకి రామాయణంలో కేకయరాజు భరతునికి అంతఃపురంలో పెరిగిన మహాకాయ శునకాలను బహూకరించాడు. అనగా పశ్చిమం నుండి ఇక్కడికి కుక్కలు వచ్చి ఉండవచ్చు గాని, ఇక్కడి నుండి పశ్చిమానికి వెళ్లినట్లు ప్రాచీన సాక్ష్యమే ఉన్నది.

స్వభావసామ్యం కూడా వంశసామ్యానికి నిదర్శనం కాదు. రెండు జాతులూ వాసన కంటె చూపుపై ఆధారపడి వేటాడతాయి. అపరిచితులకు దూరంగా మెలగుతాయి. యజమాని కేక అందనంత దూరంలో కుందేలును తరిమే కుక్కకు ఆజ్ఞాపాలన కంటె స్వయంనిర్ణయమే ముఖ్యం. ఎడారిలోనైనా, దక్కను మెట్టలోనైనా విశాలమైన బయలు, వేగంగా పరుగెత్తే జంతువు ఇటువంటి స్వభావాన్నే కోరుతాయి.

2005లో భారత తపాలాబిళ్లపైకెక్కిన ముధోల్ జాతి పోషకుడిగా సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే పేరు చరిత్రలో నిలిచింది. స్థానిక బేడర్ల వద్ద చూసిన కుక్కలనే ఆయన వృద్ధి చేశాడని ప్రతీతి. కన్నడనాట బేడర్లు, తెలుగునాట బోయలు వేటకు పేరొందినవారు. శ్రీకాళహస్తి క్షేత్రకథలోని తిన్నడు వేటకుక్కలతో అడవికి వెళ్లిన బోయయువకుడే.

కాబట్టి సలూకీతో గల పోలిక పరిశోధనకు ప్రారంభం మాత్రమే, నిర్ధారణ కాదు. విదేశీ మూలం తెచ్చే ప్రతిష్ఠ కోసం, తరతరాలుగా ఈ కుక్కలను ఎంచి పెంచిన వేటగాళ్ల పాత్రను చరిత్ర విస్మరించరాదు.