కొలుచువాని కూలి

కల్లములో ధాన్యము కొలుచువానికి కూలి యీయక తప్పదు. అయితే ఆ కూలి యెవరి చేతినుండి అందును, ఎంతకాలపు పనికి అందును అనుదానిపై కొలత యందలి నమ్మకము నిలిచి యుండును. నేడు నేను మనవి చేయబోవునది ధాన్యమును గూర్చి కాదు. కంటికి కానరాని బొగ్గుపులుసు వాయువును గూర్చి. బొగ్గు, నూనె మండినపుడు వెలువడి భూమిని వేడెక్కించు నీ వాయువును పట్టి, లోతైన రాతిపొరలలో దాచు పద్ధతి యొకటి కలదు. దాచిన మాట నిజమని పరీక్షించి పత్రమిచ్చుటకు రుసుము లెట్లు పుట్టెనో వినుడు.

నార్వే ప్రభుత్వము 1991లో, సముద్రమున నూనెను, వాయువును తీయువారు వెలువరించు బొగ్గుపులుసు వాయువుపై పన్ను విధించెను. ఆ భారము తగ్గించుకొనుటకై ఉత్తర సముద్రములోని స్లైప్నర్ క్షేత్రమువారు 1996 నుండి ఏటా సుమారు పది లక్షల టన్నుల వాయువును సముద్రగర్భము క్రింది ఇసుకరాతి పొరలోనికి పంప నారంభించిరి. భూమిలోనికి ధ్వనితరంగములను పంపి, ప్రతిధ్వనిని బట్టి అది యెంతవరకు ప్రాకెనో చూచుచు వచ్చిరి. అచ్చట మిగిలిన పన్నే లాభము. అమ్ముకొనుటకు పత్రముతో పనిలేదు.

1997 నాటి క్యోటో ఒడంబడిక పత్రమును సరకుగా మార్చెను. వర్ధమాన దేశములలో తగ్గించిన టన్ను ఒక్కింటికి పత్ర మొక్కటి చొప్పున లభించుచుండెను. ధనికదేశములు దానిని కొనుచుండెను. 2005లో మాంట్రియల్ సభవారు పాలనా వ్యయమునకై రుసుము నిర్ణయించిరి: ఏటా మొదటి 15,000 పత్రములకు ఒక్కింటికి డాలరులో పదవవంతు, ఆపైవానికి ఐదవవంతు. తనిఖీ సంస్థలకు చెల్లించు సొమ్ము వేరు. దానిని చెల్లించువాడు పరీక్షింపబడు యజమానియే! 2008, 2009 సంవత్సరములలో రెండు పెద్ద తనిఖీ సంస్థల పనిలో లోపములు కనుగొని, పర్యవేక్షక మండలి వానిని తాత్కాలికముగా నిలిపివేసెను.

భూగర్భ నిల్వకు మరియొక చిక్కు కలదు, అది కాలము. అల్జీరియా ఎడారిలోని ఇన్ సాలా యొద్ద 2004 నుండి ముప్పది లక్షల టన్నులకు పైగా వాయువును భూమిలోనికి పంపిరి. నేల ఏటా కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బుచున్నట్లు ఉపగ్రహములు చూపెను. పై రాతికప్పు గట్టితనముపై సందేహము కలిగి 2011లో పనిని ఆపిరి. మొదటి యేట వ్రాసిన పత్రము ఏడవయేటి సంగతిని చెప్పజాలదు గదా!

ఆ సంవత్సరమే డర్బన్ సభవారు ఈ చిక్కును గుర్తించిరి. భూగర్భ నిల్వకు ఇచ్చు పత్రములలో నూటికి ఐదింటిని పూచీగా వేరుంచవలెననియు, పత్రము లిచ్చుట ముగిసిన పిమ్మట కనీసము 20 ఏండ్లు నిల్వను కనిపెట్టి యుండవలెననియు నియమించిరి.

ఈ చరిత్ర నేర్పు పాఠము స్పష్టము. తనిఖీ రుసుము ఒక్కనాటి ముడుపు కారాదు. దాచిన వస్తువు ఉన్నంతకాలము కావలి కాయుటకు చాలిన నిధి కావలెను. అది కొలిపించుకొనువాని చేతినుండి నేరుగా గాక, మధ్యస్థుని ద్వారా అందవలెను. కొలత తప్పినచో కల్లములో నష్టపోవునది ఒక్క రైతు. ఇచ్చట నష్టపోవునది మన మనుమల కాలపు లోకము.