డుంబ్రిగుడ కొండల్లో మందు బిళ్ల ఎవరు ఇవ్వాలి?

ఈరోజు ప్రశ్న చాలా సింపుల్. మందుల షాపులో మీకు బిళ్లలు ఇచ్చే మనిషికి ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఇదే ప్రశ్నని అల్లూరి సీతారామరాజు జిల్లా డుంబ్రిగుడ మండలానికి తీసుకెళ్దాం. చాపరాయి జలపాతం రీల్స్‌లో చూసే ఉంటారు కదా, అదే మండలం. రోడ్డు వదిలి కొండ ఎక్కితే చిన్న చిన్న గూడేలు. మరి అక్కడ మందు ఇచ్చేదెవరు?

కథ జ్వరంతో మొదలవుతుంది. మన్యం అంటే ఒకప్పుడు మలేరియా. దానికి అప్పట్లో మందు క్వినైన్. 1892లో బెంగాల్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఏం చేసిందంటే, క్వినైన్‌ని పోస్టాఫీసుల్లో పైసాకో పొట్లం చొప్పున అమ్మించింది. అంటే మందు ఇచ్చేది పోస్టుమాస్టర్! డాక్టరూ కాదు, మందుల గురించి చదువుకున్నవాడూ కాదు. కానీ ఊరి దాకా చేరే ప్రభుత్వ మనిషి ఆయనే.

ఇంకోవైపు బజారు మొత్తం నకిలీ సరుకు. సుద్దపొడి బిళ్లలు క్వినైన్ పేరుతో మన దేశంలోకి దిగుమతి అయ్యాయి. గొడవ పెరిగి, 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక విచారణ కమిటీ వేశారు. 1931లో రిపోర్టు వచ్చింది. దాని సారాంశం రెండు మాటల్లో చెప్పొచ్చు: మందు నాణ్యతకి చట్టం కావాలి, మందు ఇచ్చే మనిషికి చదువు కావాలి.

మొదటిదానికి 1940లో డ్రగ్స్ యాక్ట్ వచ్చింది, 1945లో దాని రూల్స్ వచ్చాయి. రెండోదానికి స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది. 1948లో ఫార్మసీ యాక్ట్ తెచ్చారు. డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ అయ్యుండాలి అని అందులో 42వ సెక్షన్ చెప్తుంది. డాక్టర్ తన పేషెంట్‌కి తానే ఇస్తే అది వేరే సంగతి.

ఇక్కడే ఒక ట్విస్ట్ ఉంది. ఆ సెక్షన్ ఎప్పటి నుంచి అమలు చేయాలో రాష్ట్రాలే తేదీ పెట్టుకోవచ్చు అన్నారు. ఎందుకంటే దేశంలో అంతమంది ఫార్మసిస్టులే లేరు. చివరికి 1976 సవరణలో ఎనిమిదేళ్ల గడువు పెట్టారు. అంటే 1984. చట్టం పుట్టిన 36 ఏళ్లకి! విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫార్మసీ కోర్సు 1951లోనే మొదలుపెట్టింది. కానీ పట్టా తీసుకున్నవాళ్లంతా వచ్చి గూడెంలో షాపు పెట్టరు కదా.

మరి గూడెం సంగతి? డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఒకటుంది. కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్తే, అది ఎక్సెప్షన్ల లిస్టు. అందులో రెండు మనకి ముఖ్యం.

ఒకటి, వెయ్యి మందికి మించని ఊరు, లైసెన్స్ ఉన్న మందుల షాపు లేని ఊరు అయితే, కిరాణా కొట్టులో కూడా పారాసిటమాల్, నొప్పి బామ్, ఆముదం లాంటి ఇంటి మందులు లైసెన్స్ లేకుండా అమ్ముకోవచ్చు. అయితే కంపెనీ ప్యాకింగ్ విప్పకూడదు. షెడ్యూల్ హెచ్ మందులు, అంటే చీటీ లేకుండా ఇవ్వకూడనివి, ఇందులోకి రావు. కొట్టులో యాంటీబయాటిక్ రెండు బిళ్లలు కత్తిరించి ఇచ్చారంటే, ఊరు ఎంత చిన్నదైనా అది చట్టవిరుద్ధమే.

రెండోది, ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద ఏఎన్ఎంలు, ఆరోగ్య కార్యకర్తలు, వాలంటీర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చే మందులకి అమ్మకం లైసెన్స్ అక్కర్లేదు. ఈరోజు ఆశా కార్యకర్త కిట్‌తో ఇంటికొచ్చి, రక్తపు చుక్కతో మలేరియా టెస్ట్ చేసి బిళ్లలు ఇస్తోందంటే వెనకున్న ఆలోచన ఇదే.

నా పాయింట్ ఏంటంటే, చట్టం లైసెన్స్‌ని మినహాయించింది కానీ ఫార్మసిస్ట్ చేసే పనిని మినహాయించలేకపోయింది. ఆ పని ఎవరో ఒకరు చేయాల్సిందే. వైవాక్స్ మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది, మనిషి ఆపేస్తాడు, కొన్నాళ్లకి జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి అదే బిళ్ల ఎర్రరక్తకణాలు పగిలిపోయేలా చేయొచ్చు. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపేసి ఆస్పత్రికి వెళ్లాలి. ఇది స్ట్రిప్ మీద ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాల్లో ఉంటే ఏం లాభం? ఇంట్లో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడేవాళ్లకి వాళ్ల భాషలో నోటితో చెప్పాలి. ఆ పని ఇప్పుడు ఆశా మీదే పడుతోంది. మందుల షాపులో ఫార్మసిస్ట్‌కి కనీసం రెండేళ్ల డిప్లొమా అడుగుతాం. ఇక్కడ మాత్రం కొన్ని రోజుల ట్రైనింగ్‌తో సరిపెడుతున్నాం. పోస్టుమాస్టర్ కాలం నుంచి చూస్తే చాలా దూరం వచ్చాం, నిజమే. కానీ కొండ మీదకి బిళ్ల చేరినంతగా దాని గురించిన మాట చేరలేదు.

మీది ఏజెన్సీ ఊరైతే, మీ గూడెంలో మందు ఎవరు ఇస్తారో, ఎలా వాడాలో ఏ భాషలో చెప్తారో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.