బత్తాయిపండ్ల పేర్పు



సంతలో బత్తాయిపండ్లను గోపురమువలె పేర్చు వర్తకుని మీరెల్లరును చూచియుందురు. క్రింది మూడుపండ్ల నడిమి పల్లమున పైపండు కుదురుకొనును. ఇంతకంటె దట్టముగ పేర్చుట సాధ్యమా? ఈ ప్రశ్నయే నేటి నా ప్రసంగవిషయము.

ముమ్మూలల రాశిలో గుండ్లెన్నియో లెక్కించు సూత్రమును మన ఆర్యభటుడు క్రీ. శ. 499లోనే చెప్పెను. అది లెక్క, దట్టమును గూర్చిన ప్రశ్న తరువాతిది. ఇంగ్లండులో వాల్టర్ రాలీ ఫిరంగిగుండ్ల రాశిని గూర్చి థామస్ హారియటు నడిగెను. హారియటునకును జ్యోతిశ్శాస్త్రవేత్త యగు కెప్లరునకును ఉత్తరప్రత్యుత్తరములు నడచెను. 1611లో కెప్లరు, మంచురేకులను గూర్చిన చిన్న పుస్తకమున, ఈ పేర్పే మిక్కిలి దట్టమైనదనెను, నిరూపింపలేదు. ఇందు నూటికి సుమారు 74 పాళ్లు గుండ్లు, తక్కినది ఖాళీ.

1831లో గౌస్ క్రమమైన పేర్పులకు మాత్రమే దీనిని నిరూపించెను. క్రమము తప్పిన పేర్పులు లెక్కకు మిక్కిలి. 1998లో అమెరికా పండితుడు థామస్ హేల్స్ కంప్యూటరు సాయమున వానిని గూడ సాధించితిననగా, పరీక్షకులు నూటికి 99 పాళ్లు మాత్రమే నమ్మకము తెలిపిరి. ఆయన ఊరకుండక, ప్రతి తర్కసోపానమును యంత్రముచే పరీక్షింపజేసి 2014లో ముగించెను.

వర్తకుని చేయి చెప్పినదే తుదకు నిజమైనది. అట్లయిన ఈ శ్రమ యేల యందురేమో! కంటికి సరియని తోచిన పొలముగట్టునైనను గొలుసుతో కొలిచిన గాని మనము ఒప్పుకొనము గదా!